వందలోపు వాళ్ళు

పోయిన వారం అక్కను ఆఫీసు రెండో అంతస్తులో, రికార్డు గది గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. చేతిలో పాత ఫైలు, చెవిలో మరదలి గొంతు. "వదినా, డాక్టరమ్మ మిమ్మల్ని కూడా రమ్మంటోంది. రేపు పొద్దున్నే రండి" అని మరదలు ఫోనులో చెబుతుంటే, అక్క కళ్ళు ఆ ఫైల్లో ఆరువందల పదకొండో వరుస దగ్గర ఆగిపోయాయి. ఆ వరుస మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. గీసిన చెయ్యి తనదే.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మూడేళ్ళ కిందట ఒక పరాయి దేశపు కంపెనీకీ ఇక్కడి ప్రభుత్వానికీ మాటా మాటా పెరిగింది. ఆ కంపెనీ తన యంత్రాలను తొమ్మిది రోజులు ఆపేసింది. ఇక్కడి పింఛన్లు, రైలు టికెట్లు, పుట్టుకలు, చావులు అన్నీ అప్పట్లో ఆ యంత్రాల్లోనే రాసి ఉండేవి. ఆ తొమ్మిది రోజుల్లోనే అక్క తండ్రి పోయాడు. చావుల పద్దు తెరుచుకోలేదు. ఆయన పోయినట్టు కాగితం పుట్టక, ఆరు రోజులు ఆస్పత్రి చల్లగదిలో ఉండిపోయాడు.

ఆ తర్వాత వచ్చిందే గడప చట్టం. అసలు పేరు పొడుగు, ఎవరికీ గుర్తుండదు. "మన ఇంటి సంగతి మన గడప దాటకూడదు" అని మంత్రి అన్న మాట పట్టుకుని జనం పెట్టుకున్న పేరు అది. ఈ దేశపు మనిషి ముఖం, వేలిముద్ర, రక్తం, జబ్బు, ఏ వివరమూ సరిహద్దు దాటి పోరాదు. దాటితే తప్ప జరగని పనుల కోసం ఒక మినహాయింపుల జాబితా తయారైంది. దాన్ని తయారుచేసిన సెక్షన్‌కు అధికారి మన అక్క. చాటున ఆఫీసంతా ఆమెను రూళ్ళకర్ర అంటుంది.

అక్క తమ్ముడు లిఫ్టు మెకానిక్. అతని ఎముకల్లో మూలుగ చెడిపోయింది, రక్తం పుట్టడం లేదు. ఇంకొకరి మూలుగ ఎక్కిస్తే బతుకుతాడు. సొంత అక్కది సగమే కలిసింది. పూర్తిగా కలిసిన మనిషి దేశం బయట ఎక్కడో దొరికాడు. దొరికిన రెండో వారానికి చట్టం అమల్లోకి వచ్చింది.

*

పొద్దున పదింటికి అక్క ఆస్పత్రి మెట్లెక్కుతోంది. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. అయినా మెట్లే ఎక్కింది. చెప్పాల్సిన మాట గుండెల మీద రాయిలా ఉన్నప్పుడు, నాలుగంతస్తుల మెట్లు కూడా కాస్త గడువు ఇచ్చినట్టే ఉంటాయి.

పగటిపూట రక్తం ఎక్కించే గదిలో వెనక్కి వాలే కుర్చీలు పది ఉన్నాయి. కిటికీ పక్క కుర్చీలో తమ్ముడు. మనిషి సగమయ్యాడు కానీ నోరు తగ్గలేదు.

"వచ్చావా అక్కా. ఇక్కడి లిఫ్టు రెండో అంతస్తు దగ్గర చిన్నగా తుళ్ళుతోంది, గమనించావా?"

"మెట్ల మీద వచ్చాను."

"ఎందుకూ, మోకాళ్ళకి పరీక్షా?"

మరదలు స్టూలు మీద కూర్చుని దుప్పటి మడత పెడుతోంది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె కటింగ్ మాస్టరు. అంచుకు అంచు ఆనకపోతే విప్పి మళ్ళీ మడత పెడుతుంది. మొగుడు ఆమెను కత్తెరమ్మ అని పిలుస్తాడు. ఆమె తల ఎత్తి, "కూర్చోండి వదినా" అంది. అక్క కూర్చోలేదు. చేతిసంచీని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. సంచీలో, నిన్న సాయంత్రం డైరెక్టరు ఇచ్చిన కాగితం ఉంది.

డాక్టరమ్మ వచ్చింది. జుట్టు ముడిలో కలం గుచ్చుకుని తిరిగే మనిషి. పక్కగదిలో కూర్చుందాం రమ్మని ఆడవాళ్ళిద్దరినీ పిలిస్తే, తమ్ముడు కూడా లేచాడు.

"నా సంగతేగా. నేనూ వింటాను." రక్తం సీసా వేలాడే స్టాండును తోసుకుంటూ వచ్చాడు. చక్రం ఒకటి కిర్రుమంది. "దీనికి రెండు చుక్కల నూనె వెయ్యమని మూడు వారాల నుంచి చెబుతున్నా. ఈ దేశంలో నా మాట ఎవరూ వినరు."

చిన్న గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ గడియారం, కంప్యూటరు. డాక్టరమ్మ స్క్రీన్‌ను వాళ్ళవైపు తిప్పింది.

"ఇవి దాతల రిజిస్ట్రీ వాళ్ళు పంపినవి. లోపలికి రావడానికి అడ్డేమీ లేదు. బయటికి పోవడానికే." ఒక్కొక్కటీ చదివి చెప్పింది. మొదటిది పన్నెండు రోజుల కిందటిది. మీ రోగి తాజా రక్తపరీక్ష పంపండి, దాత ఈ నెల పదహారు దాకా సిద్ధంగా ఉంటాడు, ఆ తర్వాత నాలుగు నెలలు దొరకడు. రెండోది వారం కిందటిది. మా లేఖ అందిందా? మూడోది మొన్నటిది. మీ రోగికి ఇంకా దాత అవసరమేనా? అవునో కాదో ఒక్క మాట చెప్పండి, చాలు.

ఈ రోజు పద్నాలుగు.

"అవునని ఒక్క మాట కూడా పంపకూడదా?" అంది మరదలు.

"అవునంటే మీ ఆయనకు ఇంకా జబ్బుందని చెప్పినట్టు. అది ఒంటికి సంబంధించిన వివరం. పంపితే మొత్తం ఆస్పత్రి లైసెన్సు పోతుంది. అసలు మేం పంపినా పోదు, మా లైను మీద ప్రభుత్వం పెట్టిన యంత్రం ఆపేస్తుంది."

"నేను పంపానండీ. నా ఫోను నుంచి."

డాక్టరమ్మ చప్పున ఆమెవైపు తిరిగింది. "ఏమన్నారు?"

"ఇంటివాళ్ళు రాస్తే తీసుకోరట. ఆస్పత్రి ముద్రతో రావాలట. మర్యాదగానే చెప్పారు."

తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇంతే అక్కా. బయట మనం మాట్లాడేది వాళ్ళకి వినిపిస్తుంది. వాళ్ళు అరిచేది మనకి వినపడదు. నేనెప్పుడూ ముందు తలుపు మీద రెండుసార్లు కొట్టి, ఉన్నాం, పని చేస్తున్నాం అని చెప్పేవాణ్ణి. లేకపోతే లోపలివాళ్ళు బెంగపెట్టుకుంటారు." చేతి గొట్టం సరిచేసుకున్నాడు. "ఇక్కడ లోపలున్నది మనమా, వాళ్ళా అని తెలియట్లేదు గానీ."



డాక్టరమ్మ అక్కవైపు తిరిగింది. "మా పేరు జాబితాలో ఎందుకు లేదని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు. నిబంధనల ప్రకారం తొలగించడమైనది. ఏ నిబంధనో ఉండదు. మీరు ఆ ఆఫీసులోనే పనిచేస్తారని ఈయన నిన్నే చెప్పాడు. ఎవరిని కలవాలో తెలుస్తుందేమోనని పిలిపించాను."

"ముందే చెప్పేవాణ్ణి," అన్నాడు తమ్ముడు. "అక్కకి ఇబ్బందని ఊరుకున్నా."

అక్క గోడ గడియారం చూసింది. పదింబావు. ఇంకా మెట్ల మీదే ఉండి ఉంటే బాగుండుననిపించింది.

"నన్నే కలవాలి," అంది.

*

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఆఫీసు నోటు చదివినట్టు వరసగా చెప్పింది. అలా కాకుండా ఇంకెలా చెప్పాలో ఆమెకు తెలియదు.

మినహాయింపు కావాలని పద్దెనిమిది వందల నలభై సేవల వాళ్ళు ఫారాలు పంపారు. అన్నిటికీ ఇస్తే ఇక చట్టమెందుకు అన్నాడు మంత్రి. కొందరికే ఇస్తే, నచ్చినవాళ్ళకు ఇచ్చుకున్నారని కోర్టుకెళతారు. ఎటూ తేలక డైరెక్టరు తల పట్టుకుని కూర్చుంటే, అక్కే ఒక ఉపాయం చెప్పింది. ఫారంలో ఏడో గడి ఉంది. ఏడాదిలో బయటికి పంపిన సమాచారాలు ఎన్ని అని. వంద దగ్గర గీత గీద్దాం సార్. వంద దాటితే ఉంచుదాం, దాటకపోతే తీసేద్దాం. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. డైరెక్టరు లేచి నిలబడి మరీ మెచ్చుకున్నాడు.

"ఆరువందల పదకొండో వరుస మీదే. మీ ఫారంలో ఏడో గడిలో నలభై మూడు అని ఉంది," అంది అక్క.

"అవును. పోయినేడు నలభై మూడు మందికి బయట వెతికాం."

"అది మనుషుల లెక్క. పంపిన సమాచారాలు ఎన్ని?"

డాక్టరమ్మ జుట్టులోంచి కలం తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్కో మనిషికి వేలల్లో ఉంటాయి. ఒక్క వెతుకులాటకే అన్ని దేశాల దాతల పట్టీలకూ పోతుంది. మొత్తం లక్ష దాటుతుందేమో." ఆమె కలాన్ని వేలితో తోసింది. "నేనే నింపాను ఆ ఫారం. ఇద్దరు రోగుల మధ్య, నిలబడి. మా దగ్గర ఏ లెక్కయినా మనుషుల్లోనే. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి ఎక్కించాం, ఎంతమంది ఇంటికెళ్ళారు. మరోలా లెక్కపెట్టొచ్చని కూడా తట్టలేదు."

"మిగతా అందరూ మరోలాగే లెక్కపెట్టారు. పందెం పావురాల సంఘం వాళ్ళు నాలుగు లక్షలు రాశారు. ప్రతి పావురం, ప్రతి మజిలీ."

"పావురాలకి మినహాయింపు ఉందా?" అన్నాడు తమ్ముడు.

"ఉంది."

తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతో గొట్టం కదిలిపోతుంటే డాక్టరమ్మ అతని మణికట్టు పట్టుకుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు. "బాగుంది. పావురం కాళ్ళకి కట్టి పంపిద్దాం నా రిపోర్టు."

మరదలు నవ్వలేదు. ఆమె అక్కనే చూస్తోంది.

"వదినా, ఆస్పత్రి మొత్తమ్మీద ఏడాదికి నలభై మూడేనా అని మీకు అనుమానం రాలేదా?"

"అనుమానం వస్తే ఫోను చేసి అడగాలని నియమం. పావురాల వాళ్ళకి ఆరుసార్లు చేశాను. వాళ్ళ ఫారం నిండా కొట్టివేతలు, దిద్దుబాట్లు. ఆస్పత్రిది శుభ్రంగా ఉంది. ఒక్క దిద్దుబాటు లేదు."

"శుభ్రంగా ఉంటే అడగరా?"

"శుభ్రంగా ఉంటే నమ్ముతాను," అంది అక్క. "ముప్పై ఏళ్ళుగా అంతే."

"బట్ట శుభ్రంగా ఉంది కదా అని నేను కొలవకుండా కత్తెర పెట్టను వదినా. పెడితే ఆ సాయంత్రమే పంపించేస్తారు నన్ను." మరదలు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అక్కకు తేలిగ్గా ఉండేది. "ఒక్క ఫోను. డాక్టరమ్మా, ఇదేమిటి ఇంత తక్కువుంది అని. అంతేగా?"

"అంతే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నువ్వు నిన్న ఫోను చేశావే, అప్పుడు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాల్సిన మాట అక్కకు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. తండ్రి చివరిసారి ఆస్పత్రికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి, వెళ్ళొస్తానమ్మా అన్నాడు. ఏదో ఫైలు చూస్తూ తల ఊపింది, అంతే. మంచిది నాన్నా అని నోటితో అని ఉండాల్సింది. ఆ మాట మూడేళ్ళుగా ఆమె గొంతులోనే ఉంది.

"కత్తెరమ్మా, చాల్లే," అన్నాడు తమ్ముడు. "ఆ చట్టం వచ్చిననాడు అక్కతో పాటు నేనూ సంతోషించాను. నాన్న అక్కడ చల్లగదిలో ఉంటే, రోజూ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడేవాళ్ళం. ఆయన పోయాడని రాయడానికి ఎవడో బయటివాడు దయ తలచాలి. అలాంటిది మళ్ళీ ఎవరికీ జరగకూడదనుకున్నాం. అందులో తప్పేముంది?"

"తప్పుందని నేనన్నానా? మామయ్యగారి కోసం నేను మాత్రం ఏడవలేదా?" అంది మరదలు. "ఆయన పోయాక ఆరు రోజులు పట్టింది. నువ్వింకా పోలేదు. అదే నేను అంటున్నది."

*

అక్క సంచీ తెరిచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాచి మొయ్యడానికి ఇక ఓపిక లేకపోయింది.

"ఇదేమిటి?" అంది మరదలు.

"రేపు పదకొండింటికి కోర్టులో ఇవ్వాల్సిన ప్రమాణపత్రం. జాబితా అధికారుల ఇష్టప్రకారం తయారైందని బయటి కంపెనీలు కేసు వేశాయి. కాదు, అందరికీ ఒకటే గీత, అన్ని సంఖ్యలూ సరిచూసి గీశాం అని నేను సంతకం పెట్టాలి."

మరదలు కాగితాన్ని వేలితో వెంబడిస్తూ చదివింది. "ప్రతి సంఖ్యను సంబంధిత శాఖతో సరిచూడడమైనది." తల ఎత్తింది. "ఇది అబద్ధం కదా?"

"అబద్ధమే."

"దీనికి సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఒక దారి ఉంది." అక్క నెమ్మదిగా చెప్పింది. "సవరణ ఫారం. డాక్టరమ్మ సరైన సంఖ్య రాసి పంపాలి. మొదటి సంఖ్యను సరిచూడలేదు అని సెక్షన్ అధికారి దాని మీద సంతకం చెయ్యాలి. అప్పుడు కమిటీతో పని లేదు. పన్నెండింటికి ఆ రోజు సవరణలన్నీ బయట పెడతారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, కోర్టు కంటే ముందే, దారి తెరుచుకుంటుంది."

"అంటే రేపటికి?" మరదలు సగం లేచింది. "పదిహేనుకి? ఇంకా ఒక రోజు మిగులుతుంది కదా. మరి ఇంతసేపూ ఏం చూస్తున్నాం?"

"సవరణలు అందరికీ కనిపిస్తాయి. వాళ్ళ వకీళ్ళకి కూడా. ఒక సంఖ్య సరిచూడలేదని తేలితే అన్నిటి మీదా అనుమానం వస్తుంది. రేపు జాబితా మొత్తం కొట్టేస్తారు. అది పడితే చట్టం కూడా తనంతట తనే పడుతుందని వాళ్ళ ఆశ. పడే దాకా మధ్యలో ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఏదీ బయటికి పోదు. జాబితాలో ఉన్నవి కూడా."

డాక్టరమ్మ ఇంతసేపూ కలాన్ని బల్ల మీద దొర్లిస్తోంది. ఇప్పుడు ఆపింది.

"గుండె విభాగం మా కింద అంతస్తు. ఛాతీలో యంత్రం పెట్టుకున్నవాళ్ళు మూడువందల పదకొండు మంది ఉన్నారు. యంత్రం గాడి తప్పితే ముందు బయటి కంపెనీకి తెలుస్తుంది, అక్కణ్ణుంచి మాకు కబురొస్తుంది. అవి..."

"జాబితాలో ఉన్నాయి," అంది అక్క. "నూట ఇరవై రెండో వరుస."

రోజూ లిఫ్టులో డాక్టరమ్మకు ఆ కింది అంతస్తు వాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ఒక పెద్దాయన ఆమెను చూసినప్పుడల్లా, ఏమ్మా, రక్తం పీల్చడం అయిందా అని అడుగుతాడు.

అక్క తమ్ముడివైపు తిరిగింది.

"నన్నడక్కు అక్కా," అన్నాడతను అక్క నోరు తెరవకముందే. "అడిగితే బతకాలనుందనే చెబుతాను. ఆ తర్వాత ఆ మూడొందల మందిలో ఎవరికైనా ఏమన్నా అయితే, నేను అడిగినందుకే అయిందంటావు. నువ్వనవు, నేననుకుంటాను. అందుకని అడక్కు."

కిటికీ బయట కింద వీధిలో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. వెనక్కి, ఇంకా వెనక్కి అని ఇంకెవరో చెబుతున్నారు. అక్క ప్రమాణపత్రాన్ని మడిచి సంచీలో పెట్టేసింది.

అప్పుడు డాక్టరమ్మ కంప్యూటరును తనవైపు తిప్పుకుని, సవరణ ఫారం తెరిచింది. ఏడో గడిలో సంఖ్య వెయ్యడానికి గంట పట్టింది. పాత రికార్డులు తీసి, నలభై మూడు మందికీ పంపినవి ఒక్కొక్కటిగా కూడింది. ఈసారి తప్పు పోకూడదని అక్క పక్కన కూర్చుని రెండోసారి కూడింది. అలా కూడుతున్నంతసేపూ ఇద్దరూ మామూలు మనుషుల్లాగే ఉన్నారు. పని అంటే అదే కదా, కాసేపు మనల్ని మన నుంచి దాస్తుంది. మొత్తం ఒక లక్షా పన్నెండు వేల నాలుగువందల ఆరు. ఆ నలభై మూడు పేర్లలో పదిహేను పేర్ల పక్కన చిన్న చుక్క ఉంది. చుక్క అంటే ఏమిటని అక్క అడగలేదు.

పదకొండూ నలభై నాలుగుకి అక్క సంతకం చేసింది. దేశం లోపల కాబట్టి ఆ ఫారం కనురెప్ప వేసేలోపు వెళ్ళిపోయింది.

మరదలు కుర్చీ వెనక నుంచి వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుకి అక్కకు ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు.

డాక్టరమ్మ పాత లేఖలున్న చోటికి తిరిగి వెళ్ళింది. పైనున్నదాన్ని చదివింది. తర్వాత స్క్రీన్‌ను గోడవైపు తిప్పబోయింది.

"తిప్పకండి," అన్నాడు తమ్ముడు. "ఇంకోటి వచ్చింది కదూ. చదవండి."

"తర్వాత..."

"నా సంగతేగా డాక్టరమ్మా."

ఆమె చదివింది. గొంతులో ఏ రంగూ లేకుండా, పరీక్షల రిపోర్టు చదివినట్టు చదివింది. మూడు లేఖలకు మీ వైపు నుంచి జవాబు రాలేదు. మూడు లేఖలకు జవాబు రాకపోతే ఫైలు మూసివేయడం మా నియమం. మీ రోగికి ఇక దాత అవసరం లేదని భావిస్తున్నాం. దాతకు ఈ సంగతి తెలియజేశాం. ఆయన చాలా బాధపడ్డారు. రోగి కుటుంబానికి తన సానుభూతి చెప్పమని ప్రత్యేకంగా కోరారు. మా సంతాపం కూడా స్వీకరించండి.

"పదహారు దాకా ఉందన్నారుగా," అంది మరదలు. "ఇవాళ పద్నాలుగే కదండీ. పద్నాలుగే కదా?"

"పదహారు దాతకి గడువు. ఇది వాళ్ళ ఆఫీసు గడువు."

తమ్ముడు స్క్రీన్ మీద ఆ నాలుగు వరుసల్ని చాలాసేపు చూశాడు. తన చావు వార్త తానే చదివే అవకాశం ఎంతమందికి వస్తుంది? "వాళ్ళ దగ్గర కూడా ఒక రూళ్ళకర్ర ఉన్నట్టుందక్కా," అన్నాడు చివరికి. ఆ పేరు అతనికి తెలుసని అక్కకు అప్పటిదాకా తెలియదు. "నేను పోయానని వాళ్ళకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అంది డాక్టరమ్మ. "మనం ఏమీ చెప్పలేదు. అందుకని."

"ఆయనెవరో పాపం బాధపడ్డాడట."

మరదలు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ తెరవరా? బతికే ఉన్నాడని చెబితే?"

"మూసిన వారంలోపు ఆస్పత్రి ముద్రతో జవాబు వెళితే తెరుస్తారు. తెరిచి, దాతను మళ్ళీ అడుగుతారు. పదహారులోగా ఆయన ఒప్పుకోవాలి." డాక్టరమ్మ అబద్ధం చెప్పలేని మనిషి. "రెండోసారి ఒప్పుకున్నవాళ్ళను నేను ఇద్దర్నే చూశాను. ఇన్నేళ్ళలో."

"ఇద్దర్ని చూశారుగా. దారి రేపు తెరుచుకుంటుందిగా," అంది మరదలు. ఆ మాట ఆమె ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియదు.

అక్క సంచీలో ఫోను మోగింది. డైరెక్టరు. ఆ చిన్న గదిలో, ఫోను చెవికి పెట్టుకున్నా ఆయన గొంతు అందరికీ వినిపిస్తూనే ఉంది.

"ఏవమ్మా, నీ సంతకంతో ఒక సవరణ వచ్చింది నా దగ్గరికి. పొరపాటున వచ్చిందనుకోనా?"

"పొరపాటు కాదు సార్."

ఆయన కోప్పడే మనిషి కాదు. అక్క తండ్రి చల్లగదిలో ఉన్న ఆరు రోజులూ, తన పనులు మానుకుని రోజూ కాగితాల కోసం తిరిగింది ఆయనే.

"నీ తమ్ముడి సంగతి నాకు తెలియదనుకోకు. ఈ ఉదయమే తెలిసింది. ముందే తెలిసుంటే ఆ ప్రమాణపత్రం నీ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు." ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "విను. పన్నెండింటికి ఇవాళ్టి సవరణలన్నీ వాటంతట అవే బయటికి పోతాయి. నేను ఆపితే తప్ప. పోయాక ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు. దాని వల్ల అతనికి ఇప్పటికీ ఉపయోగం ఉందంటే చెప్పు, నేను చూడనట్టు ఊరుకుంటాను. రేపు ఇద్దరం కలిసే మునుగుదాం. ఉపయోగం లేదంటే అదీ చెప్పు. ఇక్కడే ఆపేస్తాను. చెప్పమ్మా, ఉపయోగం ఉందా?"

అక్క స్క్రీన్ చూసింది. డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ కళ్ళు దించుకుంది. ఇన్నేళ్ళలో ఇద్దరు. కింద అంతస్తులో మూడువందల పదకొండు మంది.

మరదలు చెయ్యి చాపింది. "ఫోను ఇటివ్వండి వదినా. నేను చెబుతాను."

"ఇవ్వకు అక్కా," అన్నాడు తమ్ముడు.

పన్నెండుకి ఆరు నిమిషాలుంది.